ఒళ్లు సహకరించని రోజుల్ల కూడ మంచిగ తయారవుడు ఎట్ల: దీర్ఘకాల జబ్బులున్నోళ్లకు బట్టల గైడ్

జబ్బు వచ్చినంక డాక్టర్ గోలీలు రాస్తడు, ఏం తినాలె ఏం తినొద్దో చెప్తడు, మళ్ల ఎప్పుడు రావాలెనో చెప్తడు. గని పొద్దుగాల లేవంగనే చేయాల్సిన పని బట్టలు మార్చుకునుడు కదా, వేళ్లు బిగుసుకపోయి ఉన్నప్పుడు జాకెట్ హుక్కులు ఎట్ల పెట్టుకోవాలె, కడుపు ఉబ్బినప్పుడు లంగా నాడ ఎక్కడ కట్టుకోవాలె, సూది పొడిచే చెయ్యికి ఎసుంటి అంగి వేస్కోవాలె, ఇవన్ని ఎవ్వరు చెప్పరు. ఇంట్లనే ఉంటున్నవ్ కదా నైటీ చాలదా అంటరు. చాలదు. మంచిగ తయారైతే మనకు మనం మనిషి లెక్క కనిపిస్తం, పక్కింటోళ్లు వచ్చి తలుపు కొడితే దాక్కోవాల్సిన పని ఉండదు, ఆ ధైర్యం జబ్బు ఉన్నోళ్లకే ఎక్కువ అవసరం.

నేను హన్మకొండల ఉంట, నాకు కీళ్లవాతం, డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటరు. ఇందుల నాకు తెల్సింది ఉంది, డయాలసిస్‌కు పోయే మా మేనత్తకు పనికొచ్చింది ఉంది, షుగర్‌తోని కాళ్లు తిమ్మిర్లెక్కే మా బాపుది ఉంది, లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీదికి తిరగబడే జబ్బు) ఉన్న నా దోస్త్ దగ్గర నేర్చుకున్నది కూడ ఉంది. జబ్బులు వేరేవేరే గని అందరికి పనికొచ్చే మాట ఒక్కటే: బట్టలు కొనేటప్పుడైనా కుట్టిచ్చేటప్పుడైనా మీ ఒంటికి అస్సలు బాగలేని రోజును మనసుల పెట్టుకోండి. ఆ రోజు వేస్కోగలిగిన బట్ట మిగిలిన అన్ని రోజులు ఎట్లైనా నడుస్తది.

ముందుగాల ఒక వారం మీ ఒంటిని చూడండి

బజారుకు పోయే ముందు ఒక కాయితం తీస్కొని ఒక వారం రాస్కోండి, ఏ టైంకు ఎక్కడ ఇబ్బంది అయితుందో. కీళ్లవాతం ఉన్నోళ్లకు పొద్దుగాల గంట, ఒక్కోసారి ఇంక ఎక్కువ సేపు వేళ్లు కదలవు, అదే పదకొండు దాటినంక కొంచెం నయం. కిడ్నీ, గుండె ఇబ్బంది ఉన్నోళ్లకు మాపటికి కాళ్లు వాస్తయి. పేగుల జబ్బు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నోళ్లకు తిన్నంక కడుపు ఉబ్బుతది. థైరాయిడ్ తక్కువున్నోళ్లకు అందరి కంటె ముందు చలి పెడ్తది, ఎక్కువున్నోళ్లకు ఫ్యాన్ కింద కూడ చెమటలే. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంత నొప్పులుండే జబ్బు) ఉన్నోళ్లకు బట్ట తాకితేనే నొప్పి లేస్తది, అది వాళ్లు కావాలని చెప్పే మాట కాదు, నరాలు, మెదడు మామూలు స్పర్శను కూడ నొప్పి లెక్క తీస్కుంటయి.

అట్లనే టేపు తీస్కొని నడుము, దండ చెయ్యి, పాదం పొద్దుగాల ఒకసారి మాపటికి ఒకసారి కొలవండి. రెండిటి మధ్య తేడా ఎంతుందో చూస్తే మీ బట్టకు ఎంత వదులు కావాలెనో మీకే తెలుస్తది, టైలర్‌కు కూడ అందాజాగ కాకుండ అంకెతోని చెప్పొచ్చు. స్టెరాయిడ్ గోలీలు వాడేటోళ్లు నెలకోసారైన కొలుచుకోవాలె, ఎందుకంటె ముఖం, మెడ వెనుక, కడుపు దగ్గర ఒళ్లు వస్తది, డోసు తగ్గినంక మళ్ల దిగుతది, అందుకే అప్పటి సైజు చూసి మొత్తం బీరువా మార్చొద్దు.

బీరువా సర్దుడు

అన్ని ఒక్కరోజే కింద పోసుకోకండి, పానం అలిసిపోతది. రోజుకొక అర చాలు. ప్రతి బట్టను పట్టుకొని రెండు ప్రశ్నలు వేస్కోండి: ఇది నేను ఒక్కదాన్నే వేస్కోగల్నా, వేస్కొని నాలుగు గంటలు కూసోగల్నా. రెండిటికి అవును అంటే ముందర పెట్టండి. వేస్కోగలుగుత గని ఎవరైన సాయం పట్టాలె అంటే అది ఫంక్షన్ల అరల పెట్టండి. బట్ట మంచిగుంది గని హుక్కు, నాడ, చెయ్యి దగ్గర ఇబ్బంది అంటే టైలర్ సంచిల వేయండి. ఈ టైలర్ సంచే అసలైన ఆస్తి, కొత్తవి కొనుడు కంటె ఉన్నవి మార్పిచ్చుడు అగ్గువ, పైంగ అవి మీకు ఇష్టమైన బట్టలు.

ముందర పెట్టిన అరల బాగలేని రోజు కోసం మూడు నాలుగు జతలు పూర్తిగ సెట్ చేసి పెట్టండి, లోపలి బట్టల నుంచి చున్నీ దాక ఒక్క దగ్గర, ఒకే హ్యాంగర్‌కు. ఆ అర నడుం ఎత్తుల ఉండాలె. చెయ్యి పైకి లేపొద్దు, కిందికి వంగొద్దు.

బట్ట ఎట్ల ఎంచుకోవాలె

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్ల మీద బండ్లు వస్తది, అదే వరంగల్ బజార్ల రెడీమేడ్ దుకాణంల చెయ్యి పెడితె సగం పాలిస్టరే తలుగుతది. కాటన్ అని చెప్పినా మిక్సింగే ఉంటది చానాసార్లు. దారం ఒకటి లోపలి కుట్టు దగ్గర గుంజి ఇంటికాడ జాగ్రత్తగ కాల్చి చూడండి, కాటన్ అయితె కాయితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అయితది, పాలిస్టర్ అయితె ముడుచుకొని కరిగి గట్టి ఉండ లెక్క తయారైతది.

మే నెలల మన దిక్కు 42, 43 డిగ్రీలు మామూలే, అప్పుడు ఒంటికి గాలి ఆడాలె చెమట పీల్చాలె. మల్ కాటన్ అన్నిటికంటె మెత్తగ ఉంటది, చర్మం మంట ఉన్నోళ్లకు మొదటి మాట అదే. రేయాన్ జారుడుగ ఉంటది, మీద పడ్డట్టే ఉండదు గని ఉతికితే కుంచించుకపోతది, అందుకే కుట్టిచ్చే ముందు బట్టను ఒకసారి నీళ్లల్ల నానబెట్టి ఆరేయాలె. లినెన్ చల్లగ ఉంటది గని కొత్తల గరుకు. కొంచెం లైక్రా కలిసిన కాటన్ లెగ్గింగ్ సాగుతది కాబట్టి మోకాళ్లు వాచినోళ్లకు మంచిదే, గని నడుము పట్టీ బిగుతుంటే ఒక సైజు పెద్దది తీస్కోండి.

కాటన్ చీరె అంటే గంజి పెట్టి ఫెళఫెళలాడాలె అనుకుంటం కదా, నొప్పి ఉన్న ఒంటికి ఆ గంజే శత్రువు. గంజి లేకుండ మెత్తగ ఉతికిన నారాయణపేట చీరె, పోచంపల్లి ఇక్కత్ కాటన్, సిద్దిపేట గొల్లభామ చీరె కట్టి చూడండి, నాలుగైదు ఉతుకులు అయినంక ఒంటికి అతుక్కొని నిలుస్తయి, డిజైన్ బట్టలనే నేసి ఉంటది కాబట్టి మీద పూసలు, కుందన్లు గుచ్చుకునే బాధ లేదు. స్టైల్ అంతా నేతల్నే ఉంటది. కొత్త బట్ట ఏదైన ఒకసారి ఉతకకుండ వేస్కోకండి, గట్టిదనం కోసం పూసిన మందు చర్మాన్ని గీరుతది. మెడ దగ్గర లేబుల్ బ్లేడుతోని కాదు, కుట్టు విప్పి తీయాలె, లేకుంటే మిగిలిన అంచు ఇంక ఎక్కువ గుచ్చుతది.

టైలర్‌తోని మాట్లాడుడు

ఇదే అన్నిటికంటె పెద్ద పని, మన అదృష్టం ఏందంటె మన గల్లీల ఇంక టైలర్లు ఉన్నరు. టైలరక్కకు జబ్బు పేరు చెప్తే ఏం అర్థం కాదు, చెయ్యి ఎంత ఎత్తు లేస్తదో లేపి చూపియ్యండి, వేళ్లు ఎంత ముడుస్తయో చూపియ్యండి, అప్పుడు ఆమెనే ఐడియా చెప్తది. మీకు బాగ సరిపోయే ఆది జాకెట్ తీస్కపోండి, దాంతోని పాటు వాపు ఉన్న రోజు కొలత కూడ రాసి ఇయ్యండి.

జాకెట్‌కు వెనుక హుక్కులు, వెనుక తాళ్లు వద్దు, ముందుకే పెట్టియ్యాలె. చిన్న హుక్కులు వేళ్లకు దొరకవు కాబట్టి పెద్ద టిచ్ బటన్లు పెట్టియ్యండి, అవి నొక్కుడు కూడ కష్టమైతె లోపల వెల్క్రో పట్టీ వేసి పైన ఉత్త బటన్లు కుట్టియ్యండి, చూసేటోళ్లకు బటన్ల జాకెట్టే, మీకు మాత్రం ఒక్క ఒత్తుడు. వెల్క్రో గరుకు దిక్కు ఒంటికి తగలకుండ బయటి దిక్కు ఉండాలె, ఉతికేటప్పుడు మూసి ఉతకాలె, లేకుంటే పక్క చీరె దారాలన్ని గుంజుతది. అయస్కాంతం బటన్లు ఆన్‌లైన్ల దొరుకుతున్నయి, ఛాతిల పేస్‌మేకర్ పెట్టిచ్చుకున్నోళ్లు మాత్రం వాటి జోలికి పోవద్దు. జిప్పు ఉన్న డ్రెస్సులకు జిప్పు కొసకు తాళంచెవుల రింగు వేస్కోండి, వేలు దూర్చి గుంజొచ్చు.

చంక దగ్గర ఒక చిన్న ముక్క అతికిస్తే చెయ్యి లేపుడు సులువైతది, దాన్నే బగల్ ముక్క అంటరు పాత టైలర్లు. పక్క కుట్లల్ల రెండేసి అంగుళాల మార్జిన్ లోపల వదలమనండి, ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు. లైనింగ్ మల్ కాటన్ వేయమనండి, జరీ అంచు లోపలి దిక్కు మెత్తటి బట్ట పట్టీ కుట్టమనండి. లోపలి బాడీకి కూడ వెనుక హుక్కు ఉన్నవి కష్టం, ముందు హుక్కు ఉన్నవి తీస్కోండి, లేకుంటే జాకెట్లనే కప్పులు కుట్టిస్తే లోపల ఇంకొకటి వేస్కునే పనే ఉండదు.

లంగా గురించి గట్టిగ చెప్తున్న. సన్నటి నాడ ఒకే జాగల ఏండ్ల తరబడి బిగించి కట్టుడు వల్ల నడుం మీద నల్లగ గీత పడ్తది, పుండ్లు కూడ అయితయి. ఇట్ల నడుం బిగించి కట్టుకునుడుతోని అయిన పుండు మానకుండ ఉండి చర్మ క్యాన్సర్‌గ మారిన ఇద్దరు ఆడోళ్ల గురించి వార్ధా, బీహార్ డాక్టర్లు 2024ల బ్రిటిష్ మెడికల్ జర్నల్ కేస్ రిపోర్ట్స్‌ల రాసిన్రు. చాన అరుదే, భయపడకండి, గని నడుం మీద మానని పుండు ఉంటే చర్మం డాక్టర్‌కు చూపియ్యండి. లంగాకు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేసి, ముందు దిక్కు సాదాగ వెనుక ఎలాస్టిక్ పెట్టిస్తే ఒత్తుడు ఒక్క గీత మీద పడదు. పొట్ట మీద స్టోమా సంచి (ఆపరేషన్ అయినంక మలం గాని మూత్రం గాని పడే సంచి) ఉన్నోళ్లు పట్టీ సంచి మీద అడ్డంగ రాకుండ దానికి పైన గాని కింద గాని వచ్చేటట్టు కుట్టించుకోవాలె, సంచి నిండినప్పుడు కిందికి జారాలె, అడ్డం ఉంటే లీక్ అయితది.

ఇగ చీరె. కుచ్చిళ్లు పెట్టుడే సగం అలసట. ఫాల్స్, పీకో చేసే దుకాణాలల్ల రెడీమేడ్ చీరె లెక్క కుట్టిస్తరు, కుచ్చిళ్లు మడిచి కుట్టి నడుముకు పట్టీ పెట్టి ఇస్తరు, లంగా లెక్క ఎక్కించి కొంగు వేస్కునుడే. పట్టు చీరె కోయొద్దని ముందే చెప్పండి, కోయకుండ ఉత్త మడిచి చేత్తోని పైపైన కుట్లు వేయమనండి, రేపు విప్పితె మళ్ల మామూలు చీరెనే. కొంగు కూడ మడతలు పెట్టి లోపల నుంచి కుట్టిస్తే భుజం దగ్గర పిన్నుతోని కుస్తీ ఉండదు.

ఏ జబ్బుకు ఏం చూస్కోవాలె

డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా (రెండు రక్తనాళాలను కలిపి చేసే దారి) చేసినంక ఆ చెయ్యికి బిగుతు చేతుల జాకెట్, గాజులు, గడియారం, మోచేతికి ఒత్తే బ్యాగు, ఏది వద్దు, రక్తం నడక ఆగితే ఫిస్టులా మూసుకపోతది. ఆ చెయ్యికి బీపీ చూడనియ్యొద్దు, రక్తం తీయనియ్యొద్దు అని డాక్టర్లు చెప్తనే ఉంటరు. మా మేనత్తకు గాజులు లేకుండ ఉండుడు మనసుకు ఒప్పలే, ఇప్పుడు కుడి చెయ్యికి నిండుగ వేస్కొని ఎడమ చెయ్యి వదిలేసింది, ఇప్పుడు పిల్లలందరు ఒక చేతికి గడియారం ఒక చేతికి కడెం వేస్కుంటున్నరు కదా, ఎవ్వరికి వింతగ అనిపియ్యదు. చెయ్యి కుట్టు పొడుగున విప్పి టిచ్ బటన్లు పెట్టిస్తే డయాలసిస్ కుర్చీల కూసున్నప్పుడు చెయ్యి ఒక్కటే తెరుచుకుంటది, ఏసీ చలికి మిగిలిన ఒళ్లు కప్పి ఉంటది. మెడ దగ్గర పైపు వేసినోళ్లకు ముందు దిక్కు బటన్ల కుర్తా తప్ప ఇంకోటి పెట్టుకోవద్దు, తల మీద నుంచి తీసేటియి పైపును గుంజుతయి.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ల చంకల లింఫ్ గ్రంథులు తీసినోళ్లకు ఆ దిక్కు చెయ్యి వాచే ప్రమాదం ఉంటది, అటు దిక్కు కూడ బిగుతు చేతులు, బిగుతు గాజులు వద్దు, బ్యాగు ఇంకో భుజానికి. బోదకాలు ఉన్నోళ్లకు పలాజో, వెడల్పు లాగులు బాగుంటయి, చెప్పులు వెల్క్రోతోని వదులు బిగుతు చేసుకునేటియి కావాలె, వేళ్ల సందులు రోజు కడిగి తుడుచుకొని ఆరినంకనే చెప్పు వేస్కోవాలె. వాపుకు బిగుతు సాక్సులు డాక్టర్ చెప్తేనే, చెప్పిన గ్రేడువే కొనాలె, పొద్దుగాల మంచం దిగకముందే వేస్కోవాలె, వాపు వచ్చినంక అవి ఎక్కవు.

షుగర్ ఉన్నోళ్లకు అన్నిటికంటె ముఖ్యం కాళ్లు. నరాలు మొద్దుబారితే రాయి గుచ్చుకున్నా తెల్వదు, చెప్పు ఒరుసుకొని పుండైనా తెల్వదు. ఎంసీఆర్ చెప్పులని మెత్తటి అడుగుతోని వస్తయి, వెనుక మడిమకు పట్టీ ఉన్నవి తీస్కోండి, బొటనవేలు పట్టీ మాత్రమే ఉన్నవి కాలు జారుతయి. చెప్పులు మాపటికి కొనండి, అప్పటికి కాలు కొంచెం ఉబ్బి ఉంటది. కాయితం మీద పాదం గీసి ఆ గీతను చెప్పు మీద పెట్టి చూడండి, పాదం బయటికి వస్తుందంటే ఆ చెప్పు మీది కాదు. బూట్లు వేస్కునే ముందు తలకిందులు చేసి దులపాలె, చెయ్యి పెట్టి తడమాలె. మా బాపుకు భద్రకాళి గుడికి పోవాలంటె పానం, ఎండకాలం పగటి పూట గుడి బండలు కాలుతుంటయి, తెల్వకుండనే బొబ్బలు వస్తయి, అందుకే పొద్దుగాల ఎండ రాకముందే పోవాలె, మందం కాటన్ సాక్సులు వేస్కోవాలె, లేత రంగువి అయితె రక్తం మరక అంటిన వెంటనే కనిపిస్తది. మేడారం జాతరకు పోయేటోళ్లు కూడ ఉత్త కాళ్లతోని నడుస్తమని మొక్కుకోకండి, సమ్మక్క సారలమ్మ మీ కాలు పోగొట్టుకోమని అడగరు.

లూపస్ ఉన్నోళ్లకు ఎండ తగిలితే జబ్బే లేస్తది, ముఖం మీద దద్దుర్లు ఒక్కటే కాదు కీళ్లు, జ్వరం అన్ని. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, కొన్ని రకాల బీపీ నీళ్ల గోలీలు వేస్కునేటోళ్లకు కూడ ఎండ ఎక్కువ తలుగుతది. పల్చటి తెల్ల కాటన్ బట్టల నుంచి ఎండల ఉండే కిరణాలు దాదాపు ఐదారు వంతుల్ల ఒక వంతు లోపలికి వస్తయి, తడిస్తే ఇంక ఎక్కువ. యూపీఎఫ్ (బట్ట ఎండను ఎంత ఆపుతదో చెప్పే అంకె) 50 అని రాసి ఉన్న బట్ట అయితె 50ల ఒక వంతే రానిస్తది. అవి కొనలేకుంటే బట్టను వెల్తురుకు అడ్డం పట్టి చూడండి, అవుతల చెయ్యి కనిపిస్తే అది ఎండకు పనికిరాదు, నేత దగ్గరగ ఉండి రంగు ముదురుగ ఉన్న వదులు ఫుల్ హ్యాండ్స్ కుర్తా మంచిది. మన దిక్కు బండి మీద పోయే ఆడపిల్లలందరు ముఖానికి స్కార్ఫ్ చుట్టుకునే పోతరు, కాబట్టి మీరు చుట్టుకుంటే ఎవ్వరు తిరిగి చూడరు, నా దోస్త్ అయితె డ్రెస్సుకొక స్కార్ఫ్ రంగు కలిపి పెట్టుకుంటది, జుట్టు ఊడినప్పుడు అదే స్కార్ఫ్ తలకు. దాంతోని పాటు గొడుగు, సన్‌స్క్రీన్ ఎస్పీఎఫ్ 30 కంటె తక్కువది వద్దు.

సోరియాసిస్ ఉన్నోళ్లు నలుపు, నేవీ బ్లూ జోలికి పోకుంటే పొట్టు రాలింది కనపడదు, లేత గోధుమ రంగు, బూడిద రంగు, చిన్న చిన్న పువ్వుల ప్రింటు బాగుంటయి. చవక గిల్టు నగలల్ల నికెల్ ఉంటది, చెవి పుండైతే దాన్నే అనుమానించండి. మైగ్రేన్ ఉన్నోళ్లు బిగుతు జడ, బరువు జూకాలు, బిగుతు హెయిర్ బ్యాండ్ మానాలె. ఆస్తమా ఉన్నోళ్ల బీరువాల కలరా ఉండలు వద్దు, ఎండిన వేపాకు చాలు. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నోళ్లకు, చలికి వేళ్లు తెల్లబడే రేనాడ్స్ ఉన్నోళ్లకు డిసెంబర్ల మందం స్వెట్టర్ ఒక్కటి కంటె పల్చటివి రెండు మూడు పొరలు మేలు, గ్లౌజులు, సాక్సులు ముందుగానే వేస్కోవాలె, చలి ఎక్కినంక కాదు.

తయారయ్యే పద్ధతి

రాత్రే బట్టలు కుర్చీ మీద పెట్టుకోండి, ఏది ముందు వేస్కుంటరో అది పైన ఉండాలె. వేడినీళ్ల స్నానం కీళ్లకు మంచిదే గని చానమందికి దాంతోనే ఓపిక అయిపోతది, స్నానం అయినంక పెద్ద తువ్వాల కప్పుకొని పది నిమిషాలు మంచం మీద ఒరగండి, ఒళ్లు అదే ఆరుతది. బట్టలన్ని కూసోనే వేస్కోండి, చేతులున్న గట్టి కుర్చీ కావాలె, మెత్తటి సోఫాల కూసుంటె లేవలేరు.

నొప్పి ఉన్న చెయ్యి, కాలు ముందు తొడగాలె, విప్పేటప్పుడు చివరికి విప్పాలె, ఫిజియోథెరపీ వాళ్లు పక్షవాతం వచ్చినోళ్లకు కూడ ఇదే నేర్పిస్తరు. లాగు, లంగా కూసుండే మోకాళ్ల దాక ఎక్కించి ఒక్కసారే లేచి నడుముకు గుంజుకోవాలె. వంగలేనోళ్లు ఒక పొడుగు కట్టెకు కొసకు కొక్కెం బిగించి పెట్టుకుంటే లాగు అంచు పట్టి గుంజొచ్చు, కింద పడ్డ చున్నీ తీయొచ్చు, భుజం మీద ఇరికిన అంగి కూడ సరిచేయొచ్చు. పొడుగు పిడి షూ హార్న్ చెప్పుల దుకాణంల, ఆన్‌లైన్ల దొరుకుతది. గోలీ వేస్కుంటే అది పని చేసే టైం చూసి తయారవ్వండి, నొప్పుల గోలీ వేసిన అరగంట, గంట అయినంక హుక్కులు కూడ మాట వింటయి.

చూడడానికి బాగుండాలె కదా

సుఖంగ ఉండే బట్ట అంటే సంచి లెక్క వేలాడాలని లేదు. వదులు బట్టల ఒక్క దగ్గర ఆకారం ఉంటే చాలు, భుజం కుట్టు సరిగ్గ భుజం మీద పడాలె, మెడ అందంగ ఉండాలె, మిగిలిందంతా ఏ-లైన్ వదులుగ పోనియ్యండి. స్టెరాయిడ్‌తోని ముఖం గుండ్రమైనోళ్లకు వీ నెక్ బాగుంటది, గుండ్రటి దగ్గరి మెడ ముఖాన్ని ఇంక పెద్దగ చూపిస్తది. కుర్తా, ప్యాంటు ఒకే రంగు వేసి పైన ఇక్కత్ చున్నీ ఒక్కటి వేస్తే ఏం కష్టపడకుండనే తయారైనట్టు కనిపిస్తది. పక్కకు ముడివేసే ర్యాప్ కుర్తాలు పొద్దుగాల ఒక తీరుగ, మాపటికి ఇంకో తీరుగ బిగించుకోవచ్చు, కడుపు ఉబ్బేటోళ్లకు దీనంత మంచిది ఇంకోటి నాకు కనపడలే.

నగలకు వస్తే కరీంనగర్ వెండి ఫిలిగ్రీ పని చూడండి, వెండి తీగెతోని అల్లినయి కాబట్టి చూడటానికి పెద్దగున్నా జాలీ లెక్క ఉంటయి, అదే సైజు గట్టి జూకాలంత బరువుండయి. చేతికర్ర పట్టుకునేటోళ్లు దాన్ని దాచుడు ఎందుకు, మంచి చెక్క కర్ర పాలిష్ పెట్టించి పట్టుకోండి, కింద రబ్బరు బుష్ అరిగితే మాత్రం వెంటనే మార్చాలె, మన గచ్చు మీద జారితే పెద్ద ప్రమాదం.

మగోళ్లను మర్చిపోవద్దు. వాళ్లకు వెల్క్రో పంచెలు రెడీమేడ్‌గ వస్తున్నయి, జారిపోతదనే భయం లేదు. ప్యాంటు నడుముకు రెండు పక్కల ఎలాస్టిక్ కుట్టిస్తే బెల్టు అక్కర్లేదు. అంగి బటన్లు పెట్టుకోలేనోళ్లకు పై రెండు బటన్లు తప్ప మిగిలినవి కుట్టేసి తల మీద నుంచి వేస్కునేటట్టు చేయొచ్చు, భుజం నొప్పి ఉన్నోళ్లకు మాత్రం ఇది వద్దు, వాళ్లకు ముందు టిచ్ బటన్లే. బాపులు అడగరు, మనమే మార్పిచ్చి పెట్టాలె.

దవాఖానకు పోయే రోజు

హైదరాబాద్ నిమ్స్‌కు కాజీపేటల పొద్దుగాల ట్రైన్ ఎక్కేటోళ్లు మన దిక్కు చానమంది. ఆ రోజు రెండు ముక్కల డ్రెస్సే వేస్కోండి, పొడుగు గౌను, అనార్కలి అయితె పొట్ట చూడాలన్నా సూది వేయాలన్నా మొత్తం లేపాల్సి వస్తది. ముందు బటన్లు, పైకి మడతపడే వదులు చేతులు, మెటల్ లేని లోపలి బట్టలు ఉంటే ఎక్స్‌రే, ఎమ్మారై దగ్గర తిప్పలుండయి. గోర్ల రంగు తీసి పోవాలె, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్‌కు అది అడ్డం వస్తది. ఒక శాలువ ఉంచుకోండి, ఏసీకి కప్పుకోవచ్చు, బండి సీటుల నడుం వెనుక మడిచి పెట్టుకోవచ్చు.

పెళ్లిళ్లు, బతుకమ్మ

బరువు పట్టు చీరె అర కిలో నుంచి కిలో దాక తూగుతది, అది భుజం మీద, నడుం మీద మోస్తూ నాలుగు గంటలు అంటే మామూలు మాట కాదు. గద్వాల చీరెకు ఒళ్లంత కాటన్, అంచు కొంగు పట్టు జరీ ఉంటయి, చూసేటోళ్లకు పట్టు చీరెనే, ఒంటికి కాటన్. పట్టు నూలు కలిపి నేసిన సీకో కూడ తేలికనే. సద్దుల బతుకమ్మ రోజు పగలంత పూలు పేర్చి, మాపటికి చీరె కట్టి, మళ్ల వంగి చప్పట్లు కొట్టి ఆడుడంటె ఒంటికి మూడు పనులు ఒక్కరోజే. నేను పగటి పని పిల్లలకు ఇచ్చి, కుట్టిచ్చిన చీరె వేస్కొని, రెండు సుట్లు ఆడి కుర్చీల కూసొని పాట అందుకుంట. ఏందే గింత సింపుల్‌గ వచ్చినవ్ అని వదినెలు అంటే, ఇయ్యాల నేను చివరిదాక ఉండాల్ననే ఇట్ల వచ్చిన వదినె అని చెప్పండి, అది నిజమే కదా. ఫంక్షన్ హాల్‌కు పోయేటప్పుడు సంచిల ఒక మెత్తటి కుర్తా సెట్టు, చదునైన చెప్పులు పెట్టుకపోండి, ఫోటోలు దిగినంక మార్చుకున్నా ఎవ్వరు ఏమనరు.

పైసల సంగతి

అన్ని ఒక్కసారి చేయొద్దు. మొదట చెప్పులు, ఎందుకంటె కాలు పోతే మళ్ల రాదు. తర్వాత లోపలి బట్టలు, లంగా, అవి రోజంత ఒంటి మీదనే ఉంటయి. ఆ తర్వాత టైలర్ సంచిల ఉన్న జాకెట్లు, చివరికి కొత్త కుర్తాలు. ఒక్క జాకెట్ ముందుగాల మార్పిచ్చి వారం రోజులు తొడిగి చూసినంకనే మిగిలినవి ఇయ్యండి, ఎక్కడ ఒత్తుతుందో మాపటికి గని తెల్వదు. దసరా ముందర టైలర్లు బట్టలు తీస్కునుడు బంద్ పెడ్తరు, తీస్కున్నా మీ మార్పులన్ని నిదానంగ చేసే ఓపిక వాళ్లకు ఉండదు, కాబట్టి వినాయక చవితికి ముందే ఇచ్చేయండి.